పంచకం మొదలయ్యే లోపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కడప నుంచి వచ్చి హైదరాబాదులో పద్దెనిమిదేళ్ళయినా అది మాత్రం తగ్గలేదు. ఇక మందులు పనిచేయవని పెద్దాసుపత్రులు ఇంటికి పంపించేసిన వాళ్ళ దగ్గరికి రోజూ స్కూటీ మీద వెళ్ళే నర్సుని నేను. నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్పడం, చివరిదాకా తోడుండడం మా పని. ఈ పనికి చాలా ఓర్పు కావాలంటారు అందరూ. రోగుల దగ్గర నాకు బోలెడంత ఓర్పు. మిగతా మనుషుల దగ్గరే కొరత.

ఆ బుధవారం నా కోపమంతా ఒక ఇంటి ఓనరు మీద పడింది.

మాదాపూర్‌లో అద్దాల మేడల వెనక ఒక ఇరుకు గల్లీ ఉంది. అందులో రెండంతస్తుల పాత ఇల్లు. కింద మూడు గదులు కిరాయికి, పైన ఓనరు కుటుంబం. మొదటి గదిలో ఒక తల్లీ కూతురూ ఉండేవాళ్ళు. తల్లికి యాభై దాటాయి. పాలమూరు నుంచి వచ్చి, ఎదురుగా ఉన్న అద్దాల మేడలోనే పదిహేనేళ్ళు నేల తుడిచింది. గర్భసంచి క్యాన్సర్. ఇరవై రెండేళ్ళ కూతురు అదే మేడలో, ప్యాంట్రీలో టీ, కాఫీ అందిస్తుంది. ఇంకెవరూ లేరు. ఊళ్ళో ఇల్లు వానలకు ఎప్పుడో కూలిపోయింది. వాళ్ళకు ఇల్లంటే ఆ గదే.

ఆ రోజు నేను వెళ్ళేసరికి తల్లి పాదాలు చల్లబడి ఉన్నాయి. ఊపిరి కాసేపు గబగబా ఆడుతోంది, కాసేపు ఆగుతోంది. ఇలాంటివి ఎన్ని చూశానో. ఒక రోజు, మహా అయితే రెండు. కూతురికి మెల్లగా చెప్పి, నొప్పికి మార్ఫిన్ ఇచ్చి బయటికి వచ్చాను. మెట్ల దగ్గర ఓనరు నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, భుజం మీద తువ్వాలు, చేతిలో గోడ మీంచి తీసుకొచ్చిన క్యాలెండరు.

“మేడం, జర ఇటు రాండ్రి. ఇంక ఎన్ని దినాలుంటది?”

“ఎవరు చెప్పగలరు సార్? ఒక రోజు కావచ్చు, రెండు కావచ్చు.”

“గట్ల కాదు. రేపు పగటీలి పదకొండు యాభై రెండు లోపట పోతదా, పోదా?”

ఆయన క్యాలెండరు మీద వేలు పెట్టి చూపించాడు. మర్నాడు పదకొండు యాభై రెండుకు పంచకం మొదలవుతుంది. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఇంటికి నెలల తరబడి తాళం వేసి అందరూ వెళ్ళిపోవాలి. లేదంటే ఆ ఇంట్లో ఇంకొకరికి కీడు. మా కడపలోనూ ఉన్న పట్టింపే, నాకు కొత్తేం కాదు.

“నా బిడ్డ కానుపుకు వచ్చింది మేడం. నెలలు నిండినయి. దాన్ని తీస్కొని ఇల్లు ఇడ్సి ఏడికి పోవాలె? సోమారం దాకనే అడుగుతున్న. గా అయిదు దినాలు ఈమెను ఏడికన్న తీస్కపోండ్రి. తర్వాత మళ్ళ తీస్కరాండ్రి, నేనే గేటు తీస్త.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “సార్, ప్రాణం పోయే మనిషి మీ క్యాలెండరు చూసుకొని పోవాల్నా? సిగ్గుగా లేదూ ఆ మాట అడగడానికి?” అని గల్లీ మొత్తం వినేలా అరిచాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన ఒక్క మాటకూ గొంతు పెంచలేదు.

“ఆర్నెల్లసంది ఉంచుకున్న మేడం. వేరేటోళ్ళయితె ఎప్పుడో ఎల్లగొడుదురు. మా ఆడోళ్ళు పొద్దుమాపు జావ కాచి పంపుతున్రు. అడుగు గా పోరిని.”

అది నిజం. ఆ జావ గిన్నె నేనూ చూశాను. నిజమని తెలిసి ఇంకా మండింది.

“ఈ నక్షత్రాలూ గిక్షత్రాలూ నేను నమ్మను సార్,” అన్నాను.

“నమ్మవు కద. మరింక మీ ఇంటికే తీస్కపో మేడం. అయిదు దినాలే.”

వెటకారంగా అన్లేదు. నిజంగానే అడిగాడు.

నల్లగండ్లలో మాకు మూడు పడగ్గదుల ఫ్లాట్ ఉంది. మూడో గది ఖాళీ. అందులో ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, దాని మీద ఆరేసిన బట్టలు. మంచం వేస్తే హాయిగా పడుతుంది. గల్లీ చివరికి వెళ్ళి ఇలాంటి రోగుల్ని చేర్చుకునే మా కేంద్రానికి ఫోన్ చేశాను. మంచాలన్నీ నిండి ఉన్నాయి, ముందు వరుసలో ఇంకా మనుషులున్నారు. తర్వాత మా ఆయనకు చేశాను. మీటింగులో ఉన్నాడు, అయినా బయటికి వచ్చి మొత్తం విన్నాడు. “తీసుకురా. నేను ఆ గది సర్దుతాలే,” అన్నాడు. నేను ఊహించిన జవాబు అది కాదు. వద్దంటాడనీ, ఆ నింద ఆయన మీద వేసి ఊపిరి పీల్చుకోవచ్చనీ అనుకున్నానని అప్పుడు తెలిసింది. మా పాప ఎనిమిదో తరగతి. ఆ పక్క గదిలోనే పడుకుంటుంది. ఆ అయిదు రోజుల్లో, ఆ గదిలో ప్రాణం పోతే... ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

“వద్దులే. ఆమెను ఇప్పుడు కదిలించకూడదు,” అన్నాను ఫోన్‌లో. అది నిజమే. నిజం కాబట్టే బాగా పనికొచ్చింది.

వెనక్కి వచ్చి ఓనరుకూ అదే చెప్పాను. కదిలిస్తే దారిలోనే పోతుందన్నాను. ఆయన క్యాలెండరు చుట్టేస్తూ, “రేపు పదకొండున్నర దాక చూస్త. అప్పటికి పాణం ఉంటే వ్యాను పిలుస్త. సర్కారు దవాఖానకు తోలిస్త. ఇగ నన్నేం అనకు,” అని మెట్లెక్కి పోయాడు.

ఆ గదికి పల్చటి రేకు తలుపు. అంతా లోపలికి వినబడిందని నాకు తట్టనే లేదు. సామాన్లు సర్దుకుంటుంటే తల్లి నా కొంగు పట్టుకుంది. మాట గాలిలా వస్తోంది.

“బిడ్డా, జర మందెక్కువ వెయ్యరాదూ. రేపటి లోపట ఒడిసిపోతది.”

“నీ నొప్పి తీయడానికి వస్తున్నానమ్మా నేను. ప్రాణం తీయడానికి కాదు.”

“గా వ్యాన్ల పోను. పోరి కండ్ల ముందు, నా అర్రలనే పోత. నేను టైం దాటినంక పోతే పోరికి ఈ అర్ర కూడ పోతది. ఒక్క ఆడపిల్లకు ఈ పట్నంల అర్ర ఎవరిస్తరు?” అంది. కాసేపు కళ్ళు మూసుకొని మళ్ళీ తెరిచింది. “సరె నువ్వు పో. మేం చూస్కుంటం.”

ఏం చూసుకుంటారో నేను అడగలేదు.

గురువారం తొమ్మిదికల్లా వెళ్ళాను. తల్లి నాడి దారంలా అందుతోంది. కూతురు మంచం పక్కన కింద కూర్చుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకొని టైం చూస్తోంది. పది అయింది. పదిన్నర అయింది. పైన ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు. పదకొండుకు నేను బయటికి వచ్చి ఇంకో రెండు చోట్లకు ఫోన్ చేశాను. మంచం లేదు, మంచం లేదు. పదకొండూ ఇరవైకే వ్యాను గల్లీలోకి వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపు తెరిచాడు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. ఏం చేస్తానో నాకే తెలీదు. ఓనరు మెట్లు దిగుతున్నాడు.

అప్పుడు లోపలి నుంచి కేక వచ్చింది.

“అవ్వా... నన్నిడ్సి పోతివా అవ్వా...”

పాలమూరు వైపు తల్లిని పోగొట్టుకున్న ఆడపిల్ల రాగం తీసి ఏడ్చే ఏడుపు అది. విన్నవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఓనరు నాలుగో మెట్టు మీదే ఆగిపోయాడు. నేను లోపలికి పరిగెత్తాను. మంచం పక్కన కూలబడి స్టెతస్కోపు పెట్టాను.

గుండె కొట్టుకుంటోంది.

కూతురు తల్లి చేతిని రెండు చేతుల్తో పట్టుకొని ఏడుస్తోంది, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. బతిమాలుతున్న కళ్ళు. నేను ముందుకు వంగాను. తల్లి పెదాలు కదిలాయి.

“ఇంక జర గట్టిగ ఏడ్వు బిడ్డా,” అంది.

గుమ్మం మీద నీడ పడింది. మైల కాబట్టి ఓనరు లోపలికి రాడు, అక్కడే ఆగాడు. “అయిపోయిందా మేడం?”

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ఒక్క మాటలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. లేచి ఆయనకూ మంచానికీ మధ్య నిలబడ్డాను. “అయిపోయింది సార్. పదకొండూ ఇరవై అయిదు,” అన్నాను. “ఒక గంట ఎవర్నీ రానీయకండి. మూత్రం గొట్టం తీయాలి, పుండు కడగాలి, బట్ట మార్చాలి.” ఇదంతా మేం ప్రతిసారీ చేసేదే. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. “మంచి మనిషి. ఎవ్వల్ని పరేషాన్ చెయ్యలె,” అన్నాడు. వ్యానును వెనక్కి పంపేశాడు. నేను రేకు తలుపు మూసి గడియ పెట్టాను.

తర్వాతి గంట నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన గంట. బయట ఒక్కొక్కరూ చేరుతున్నారు. లోపల ఆమెకు గొంతులో గురక మొదలైంది. చివరి గంటల్లో వచ్చే గురక అది, గదంతా నిండిపోతుంది. ఆ పల్చటి తలుపుకు అవతల అడుగు దూరంలో మనుషులు. కూతురు ఏడుపు ఆపితే గురక వినబడుతుంది. ఆపడానికి లేదు. నేను సూది వేసి గొంతు తడి తగ్గించాను, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. గురక తగ్గింది గానీ పోలేదు. కూతురు ఏడుస్తూనే ఉంది.

మొదట ఉత్త కేకలే. వాటికీ ఒక హద్దు ఉంటుంది కదా, కాసేపటికి మాటలు వచ్చాయి.

“నీ చేతులకు ఫినాయిలు వాసనొస్తదని ముద్ద తినకపోతి అవ్వా... ఆ చేయి ఏది అవ్వా...”

ఆ చేయి ఆమె చేతుల్లోనే ఉంది. తడుముకుంటూ ఏడ్చింది.

“ఆఫీసుల లిఫ్టు కాడ నువ్వు ఎదురొస్తివి అవ్వా... దోస్తుల ముంగట నిన్ను తెల్వనట్టు పోతి అవ్వా... నువ్వు సుత తెల్వనట్టే తల ఒంచుకుంటివి అవ్వా...”

అక్కడ ఆ పిల్ల గొంతు నిజంగానే పగిలిపోయింది. అది నటన కాదని నాకు తెలుసు. చివరిదాకా చెవులు పనిచేస్తాయి, మాట్లాడండి, మనసులో ఉన్నది చెప్పండి అని నేను ప్రతి ఇంట్లో మొత్తుకుంటాను. ఎవరూ చెప్పరు. మంచం పక్కన కూర్చుని జ్యూస్ తాగమంటారు, మాత్ర వేసుకోమంటారు. అసలు మాటలన్నీ శవం ముందే బయటికి వస్తాయి. నేను చూసిన ఇన్ని మరణాల్లో తన శోకాన్ని తన చెవులతో విన్న మనిషి ఈమె ఒక్కతే. లిఫ్టు మాట దగ్గర ఆమె బొటనవేలు కదిలింది. కూతురి మణికట్టు మీద మెల్లగా అటూ ఇటూ కదిలింది. కూతురు చూసింది. చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

పదకొండు యాభై రెండు దాటింది. నమ్మను అన్నదాన్ని కదా, నేను పైకప్పు వైపు చూశాను. పైన నిండు చూలాలు ఉంది. తప్పు చేస్తున్నానా అనిపించింది. నిన్న నేను ఊ అని ఉంటే ఈమె మా ఇంట్లో, ఆ మూడో గదిలో, ఎవరికీ భయపడకుండా గురక పెట్టుకొనేది. ఈ పిల్ల నిశ్శబ్దంగా పక్కన కూర్చొనేది. ఆ ఓనర్ని గల్లీలో నిలబెట్టి కడిగేశాను. ఆయనా నేనూ భయపడింది ఒకదానికే. ఆయన పైకి చెప్పాడు, నేను చెప్పలేదు, అంతే తేడా. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరిగింది. ఒకటి వచ్చింది. తర్వాత చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత రాలేదు. నేను స్టెతస్కోపు పెట్టి పూర్తిగా ఒక నిమిషం విన్నాను. కూతురికి తెలియలేదు. ఏడుస్తూనే ఉంది, గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

“ఇంక చాలమ్మా.”

ఆ పిల్ల ఆగింది. తల్లి మొహం వైపు చూసింది, నా వైపు చూసింది. ఇప్పుడు ఏడవాలి. పాపం, ఏడవడానికి నోరు తెరిచింది కూడా. ఏమీ రాలేదు. ఒక్క చుక్క రాలేదు, శబ్దం రాలేదు. అలా నోరు తెరుచుకొని కూర్చుంది. బయట ఆడవాళ్ళు, “అలసిపోయింది పోరి, నీళ్ళియ్యండ్రి,” అంటున్నారు.

తల్లి చేతిని మంచం మీద పెట్టి, పైట సర్ది, నా చెవి దగ్గరికి వచ్చింది.

“అక్కా, అసలు టైం చెప్పు. ఎవ్వలికి చెప్ప. నాకు కావాలె.”

“పన్నెండూ ఇరవై రెండు.”

“పన్నెండూ ఇరవై రెండు,” అని తనలో తను రెండుసార్లు అనుకుంది. తర్వాత లేచి నిలబడింది.

“ఇగ తలుపు తియ్యి అక్కా.”