చేసినవాళ్లకే వినబడే పాట

మా ఆయనకు ఫోన్ చేస్తే ట్రింగ్ ట్రింగ్ బదులు ఒక పాట వినిపించేది. నువ్వు నాతో అన్న మాటల్లో ఏది నిజమని ఒక ఆడమనిషి అడిగే పాట అది. కాపురం కొత్తలో, నాకు ఇష్టమని తనే పెట్టించాడు.

విడిపోయి నేను తిరుపతికి వచ్చేశాక కూడా ఆ పాట మారలేదు. మనసులో ఏమీ లేకపోతే ఈపాటికి తీసేసేవాడు కదా అనుకున్నాను. రెండేళ్లపాటు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, కాస్త విని, అతను ఎత్తేలోపే పెట్టేసేదాన్ని. ఇంత తెలివితక్కువ పని ఎవరితో చెప్పుకోను?

మొన్న బండి మీంచి పడి అతని చెయ్యి విరిగిందని, కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వెళ్లాడని తెలిసింది. ఉండబట్టలేక బస్సెక్కాను. ఎడమ చేతికి వెదురు బద్దల కట్టుతో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నొప్పి ఎలా ఉందని అడిగాను. తర్వాత, నేను వచ్చిన పని అడిగేశాను.

"ఆ పాట ఇంకా ఎందుకు పెట్టుకోనుండావు మామా?"

"యా పాట మే?"

చెప్పాను. కాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు.

"అది చేసినోళ్లకు గదా వినబడేది. ఉండాదని నాకెట్ల తెలుస్తాది?"

తిరుగు బస్సులో మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి పెట్టెయ్యలేదు. పాట మొత్తం వచ్చి, ఆగిపోయింది.

విరిగింది ఎడమ చెయ్యి. అతను ఫోన్ ఎత్తేది కుడిచేత్తో.