పిన్ను తీసిన వీలునామా

మా జిరాక్సు కొట్టు పక్కనే సూదక్క బైండింగు కొట్టు. కింద కొట్టు, పైన ఆమె ఉండే గది. భుజం దగ్గర జాకెట్టుకి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంచుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు. యాభై దాటాయి. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "జిగురు ఆరాక చూద్దాంలే" అనేది. ముప్పై ఏళ్లయినా ఆ జిగురు ఆరలేదు.

తొమ్మిదో ఏట తల్లీ తండ్రీ పోతే చిన్నాన్న తెచ్చి పెంచుకున్నాడు, పని నేర్పాడు. ఆయన దగ్గర మొదటి పాఠం పిన్ను గురించి. పిన్నుకి తుప్పు పడుతుంది, తుప్పు కాయితాన్ని తినేస్తుంది. అందుకని కొట్టులోకి ఏ కాయితం వచ్చినా ముందు పిన్ను లాగి రేకు డబ్బాలో వెయ్యాలి, మరకని కత్తితో గీకాలి, ఆ తర్వాతే దారం. మరిచిపోతే వేళ్ల మీద స్కేలు దెబ్బ. ఆ దెబ్బలు ఇద్దరు తిన్నారు, సూదక్కా, చిన్నాన్న కొడుకూ. సూదక్క ఉండిపోయింది. తమ్ముడు మాత్రం ఈ జిగురు కంపు నావల్ల కాదని బస్సు డ్రైవరుగా చేరి వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి తండ్రి అతనితో మాట్లాడలేదు. పంతంలో తండ్రికి తగ్గ కొడుకు, అతనూ మాట్లాడలేదు. పదకొండేళ్లు. తండ్రి పోయినప్పుడు వచ్చాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు, వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వారానికి పెట్టె అడుగున చిన్నాన్న వీలునామా దొరికింది. మూడు కాయితాలు. కొట్టూ పైగదీ సూదక్కకే రాశాడు. మూలన ఉన్న పిన్ను ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఇంకేముంది, చెయ్యి ఊరుకోలేదు. పిన్ను లాగేసింది, కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచి దారంతో మూడు కాయితాలూ కుట్టింది, పైన గట్టి అట్ట వేసింది. మర్నాడు కాపీలు తీయమని నా దగ్గరికి తెచ్చింది. ఆ కుట్టు చూసి నేను మెచ్చుకున్నాను కూడా. నా తెలివీ అలాగే ఏడ్చింది.

వీలునామా చెల్లుతుందని కోర్టు ముద్ర వేయించడానికి ఇద్దరం లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అట్ట తెరిచి, కుట్టు మీద వేలు ఆనించి, దీన్ని ఎవరు కుట్టారని అడిగింది. నేనే అంది సూదక్క, కాస్త గర్వంగానే. లాయరమ్మ లేచి గది తలుపు వేసి వచ్చింది.

అప్పుడు తెలిసింది మాకు. చిన్నాన్న సంతకం, సాక్షుల సంతకాలు చివరి కాయితం మీదే ఉన్నాయి. ఎవరికేమిటన్నది మాత్రం మొదటి రెండింటిలో ఉంది. పిన్ను పీకి, ఆ రెండూ మార్చేసి మళ్లీ కుట్టారని ఎవరైనా అంటే వీలునామా చిత్తు కాయితం కింద లెక్క. ఆస్తి కొడుకుది అవుతుంది. సూదక్క మీద దొంగ కాయితం సృష్టించిందని కేసు కూడా పడవచ్చు. అనడానికి హక్కున్నవాడు ఒక్కడే, ఆ తమ్ముడు. కోర్టు అతనికి నోటీసు పంపి తీరుతుంది.

సూదక్క పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు దిగుతుంటే నా భుజం పట్టుకుంది.

సాక్షులిద్దరిలో సిరాలు అమ్మే ఆయన పోయి మూడేళ్లయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, మిగిలిన క్షౌరశాల తాతకి సంతకం పెట్టినట్టు గుర్తుంది గానీ ఎన్ని కాయితాలో గుర్తు లేదు.

విచారణకి నెల గడువు. ఆ నెలలో నేను ఒక మనిషి కుంచించుకుపోవడం చూశాను. పోస్టు మనిషి సైకిలు గంట వినబడితే చాలు, పైగదిలోకి వెళ్లిపోయేది. పోలీసు బట్టల్లో ఎవరో రిజిస్టరు కుట్టించుకోవడానికి వస్తే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే "నేనేం మార్చలేదండీ" అందట. సూది వేళ్లలో దిగి రెండు పుస్తకాల మీద నెత్తురు మరకలు పడ్డాయి. రోజూ సాయంత్రం గోడల్ని చేత్తో తడిమి చూసుకునేది. నలభై ఏళ్లకు పైగా బతికిన గోడలు. వేరే చోట నిద్ర ఎలా పడుతుందో తనకి తెలియదు అంది నాతో. నాక్కూడా భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఆ భయంలోనే ఒక సలహా ఇచ్చాను. పెట్టెలో దొరికినప్పుడే కుట్టి ఉందని చెప్పెయ్. చిన్నాన్న కూడా బైండింగు మనిషేగా, ఆయనే కుట్టాడంటే ఎవరు కాదంటారు? సూదక్క రెండు రోజులు అన్నం ముందు కూర్చుని అదే ఆలోచించింది. మూడో రోజు వచ్చి చెప్పింది.

"కుదరదే. చిన్నాన్న ముడి లోపలికి వేస్తాడు. నేను బయటికి వేస్తాను. ఆ తేడా లోకంలో ఇంకొక్కడికే తెలుసు."

ఆ ఒక్కడూ ఎవరో అడగక్కర్లేదు. నిజం చెబితే ఒక భయం, అబద్ధం చెబితే రెండు.

విచారణ రోజున తమ్ముడు వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి అచ్చు చిన్నాన్నలా ఉన్నాడు. పలకరించకుండా వెనక బెంచీ మీద కూర్చున్నాడు. సూదక్క అటు చూడలేదు.

జడ్జిగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. పిన్ను తీసి, మరక గీకి కుట్టడం కొట్టు అలవాటు. ఈ పిన్నూ తనే తీసింది, తనే కుట్టింది, అది తప్పని తెలియదు. ఆయన కాయితాలు ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"పిన్ను తీస్తే మరక గీకేస్తామన్నావు. ఇక్కడ మరక అలాగే ఉందే?"

"ఆ రోజు కళ్లు కనబడలేదండీ. ఏడుస్తున్నాను. కత్తి పెడితే కాయితం తెగుతుందని వదిలేశాను."

బతుకంతటిలో ఆమె సగంలో వదిలేసిన పని అదొక్కటే. ఆ తుప్పు మరక మూడు కాయితాల్లోనూ ఒకే చోట, ఒకదాని మీంచి ఒకదానికి దిగింది. ప్రతి కాయితంలోనూ అవే రెండు పిన్ను కన్నాలు, మూడోది లేదు. అంటే ఏ కాయితమూ మారలేదు. జడ్జిగారు అది రాసుకుని, కాయితాలు తమ్ముడికి ఇప్పించి అభ్యంతరం ఉందా అని అడిగారు.

అతను మొదటి కాయితం నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి తిప్పి చదివాడు. సూదక్క నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు విరిగింది.

"ముడి మా అక్కదేనండీ" అన్నాడు. "పిన్ను కనబడితే మా చేతులు ఆగవు. మా నాన్న అలా పెంచాడు. నాకేం అభ్యంతరం లేదు."

బయట వరండాలో సూదక్క బెంచీ మీద కూలబడింది. తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కొట్టు కోసం వచ్చావనుకున్నానురా. నెలంతా నిన్ను తలుచుకుని భయపడి చచ్చాను."

"నేనూ భయపడుతూనే వచ్చానక్కా. నాన్న అందులో నన్ను ఏమని తిట్టాడో అని."

"నీ గురించి ఏమీ రాయలేదుగా."

"అదే" అన్నాడు. "ఒక్క తిట్టయినా రాయలేదు."

బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. సూదక్క అక్కడే కూర్చుంది. ఆ మాట విన్నాక తనకి ఒకటి నోటిదాకా వచ్చిందని ఇంటికి చేరాక నాతో చెప్పింది. నీ గురించి ఇంకో కాయితం ఉండేదిరా, కుట్టేటప్పుడు నేనే పోగొట్టాను, అందామనుకుందట.

"మరి అనలేదేం?"

రేకు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది.

"కోర్టు గుమ్మం ముందున్నాం కదే" అంది. "ఎవరైనా వింటారేమోనని భయం వేసింది."