కువైట్ నలభై ఎనిమిది, మా డాబా నూట ఎనిమిది

ఆ రోజుల్లో మా ఇంట్లో వేడిని కొలిచే సాధనాలు రెండే ఉండేవి. ఒకటి మా నాయనమ్మ వీపు (రవిక తడిసిందంటే ఎండ ముదిరినట్టు), రెండోది బీరువాలో దూదిలో చుట్టి దాచిన జ్వరం థర్మామీటరు. బియస్సీ రెండో సంవత్సరం చదువుతున్న నేను వాటికి తోడు మూడోదాన్నని నా గట్టి నమ్మకం.

తొంభైల మధ్యలో ఒక వేసవికి మా బావగారు, అంటే అక్క భర్త, కువైట్ నుంచి సెలవు మీద అంబాజీపేటలో మా ఇంటికి వచ్చారు. అక్కడ ఏసీలు బాగుచేసే మెకానిక్కు. మంచి మనిషే గాని, ఎవరు విసనకర్ర అందుకున్నా "ముప్పయ్యారుకే ఇలాగైపోతే ఎలాగండీ, మా కువైట్లో నలభై ఎనిమిది" అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం, అక్క నవ్వేది కాదు. పెళ్ళయి రెండేళ్ళయింది. ఈసారైనా వెంట తీసుకెళ్ళమని తను అడిగితే ఆయన చెప్పే కారణం ఆ నలభై ఎనిమిదే. "నువ్వా వేడికి తట్టుకోలేవు" అనేవారు. పెరట్లో బట్టలు పిండుతూ అక్క కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఎలాగైనా ఆ అంకెని ఓడించాలని పంతం పట్టాను.

మిట్టమధ్యాహ్నం థర్మామీటరు తీసుకెళ్ళి, కొబ్బరి ఎండబెట్టిన డాబా మీద పెట్టాను. పాదరసం నూట ఎనిమిది దాకా పాకి ఆగింది. (అంతకన్నా పాకడానికి గొట్టంలో చోటు లేదని అప్పుడు తోచలేదు.) పరుగున కిందికొచ్చి, "బావగారూ, మీది నలభై ఎనిమిది, మాది నూట ఎనిమిది" అన్నాను. "నూట ఎనిమిదంటే అష్టోత్తరం కదా, ఇంక తిరుగేముంది" అంది నాయనమ్మ. బావగారు నవ్వలేదు, దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది. "అది ఫారన్‌హీటమ్మా. ముప్పై రెండు తీసేసి, అయిదుతో గుణించి, తొమ్మిదితో భాగించు" అన్నారు. భాగిస్తే నలభై రెండు వచ్చింది. పదో తరగతి చదివిన మెకానిక్కు చేతిలో బియస్సీ చిత్తుగా ఓడింది. థర్మామీటరుని మళ్ళీ దూదిలో చుట్టి పెట్టేశాను.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. మా వైపు పగలవు, వాటికీ చెమట పడుతుంది. రెండు రోజుల తరవాత పొద్దున్నే కరెంటు పోయింది. ఆకు కదలడం లేదు. పదింటికి బావగారి చొక్కా ఒంటికి అంటుకుపోయింది, పదకొండుకి విప్పేశారు, పన్నెండుకి గచ్చు మీద వెల్లకిలా పడుకున్నారు. "ఉక్కగా ఉందా బాబూ?" అని అమ్మ అడిగితే, "అబ్బే, ఉక్కేంటండీ, ఒంట్లో కాస్త నలతగా ఉందంతే" అన్నారు. అమ్మ ఊరుకుంటుందా? థర్మామీటరు తెచ్చి ఆయన నాలిక కింద పెట్టింది, తీసి చూసి నాన్నని కేకేసింది. నూట ఎనిమిది. నాన్న స్కూటరు తాళాలు వెతకడం మొదలుపెట్టారు. "డాక్టరుగారొచ్చి రెండు పక్కలా సూదులేసేస్తారు, మీరు కదలకండి బాబూ" అంది అమ్మ.

సూదుల మాట వినగానే బావగారు లేచి కూర్చున్నారు. "మావయ్యగారూ, ఆగండి. జ్వరం కాదండి, ఉక్కండి. ఒప్పుకుంటున్నానండి. దీనికన్నా మా కువైటే నయమండి."

గుమ్మం దగ్గర విసనకర్రతో నిలబడ్డ అక్క గొంతు పెంచకుండా, "ఆయ్. మరైతే ఆ నయమైన చోటికే నేనూ వస్తానండి" అంది. బావగారు నాన్న వైపు చూశారు. నాన్నకి తాళాలు దొరికాయి, జేబులో వేసుకున్నారు. ఆ ఏడాదిలోనే అక్కకి పాస్‌పోర్టు వచ్చింది.

పాదరసం దానంతటది దిగదు, విదిలించి దించాలి. కంగారులో అమ్మ విదిలించలేదు. డాబా మీద పెట్టిన రోజు నేనూ విదిలించలేదు. మర్చిపోయానని అప్పట్లో అందరికీ చెప్పాను.

తరవాతి వేసవిలో కరెంటు పోతే, నీకో వంద విసుర్లు నాకో వంద అని విసనకర్ర వంతులేసుకోవడానికి పక్కన అక్క లేదు. ఇన్ని లెక్కలు కట్టినదాన్ని, ఆ ఒక్క తీసివేత ముందుగా వేసుకోలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పటికీ ఎండాకాలం వస్తే అక్క ఫోను చేసి, "ఇక్కడ నలభై ఎనిమిదే, అక్కడెంత?" అంటుంది. "తొంభై ఏడు" అంటాను. ఫారన్‌హీటని మాత్రం చెప్పను.