మెగిల్లోస్ తమ్ముడి నోరు

క్రోటన్ ఊళ్లో కసాయి మెగిల్లోస్ గుడ్లురిమి చూస్తే చాలు, ఎద్దు తనంతట తానే మోకాళ్లు మడిచి మెడ చాపేది. నమ్మనివాళ్లు ఆ ఎద్దునే అడగాలి.

అంతటివాడికీ లొంగనిది సొంత తమ్ముడు డామిస్ ఒక్కడే. వాడు పోయి పోయి, మాంసం ముట్టని, పాపమని చిక్కుడుగింజైనా తొక్కని గురువుగారి మఠంలో చేరాడు. ఆయనకు బంగారు తొడ ఉందనీ, ఒకే పూట రెండు ఊళ్లలో కనబడతాడనీ చెప్పుకునేవారు. అక్కడ కొత్త శిష్యుడు ఐదేళ్లు పెదవి విప్పకూడదు. డామిస్‌కి ఆ మౌనంలో నాలుగో ఏడు నడుస్తోంది.

ఆ ఏడే, ఊరి పెత్తనమంతా మఠంవాళ్లదే అయిందని జనం తిరగబడ్డారు. మఠం తలుపులు బయటినుంచి బిగించి నిప్పు పెట్టారు. కిటికీలోంచి దూకినవాణ్ణి దూకినట్టే పొడిచారు. మెగిల్లోస్ వెనకగోడ కూలదోసి తమ్ముణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. ఎదురుగా తోళ్లపనివాడు స్ట్రాటియోస్ గొడ్డలితో నిలబడ్డాడు. వాడి వెనక గుంపు.

"వీడూ మఠంవాడే కదూ?"

"కాదు బావా! పొగ చూసి వచ్చాడు, వెర్రివెధవ."

"అయితే ఆ గురువుని ఓ బూతు తిట్టమను. పోనిస్తాం."

"తిట్టరా! పోనీ నన్ను తిట్టు, గాడిదా! చిన్నప్పుడు బాగానే తిట్టేవాడివిగా!"

డామిస్ పెదవి కదల్లేదు. నొప్పికైనా నోరు తెరుస్తాడని మెగిల్లోస్ వాడి చిటికెనవేలు విరిచాడు. కన్నీళ్లు కారాయి, మూలుగు రాలేదు. పక్కవేలూ విరిచాడు. ఎముక చప్పుడు అందరికీ వినబడింది, అరుపు మాత్రం లేదు.

"చూశార్రా! మఠంవాడు కాకపోతే ఇంత ఓర్పా?" అంటూ స్ట్రాటియోస్ గొడ్డలి ఎత్తాడు.

అది దిగేలోపే మెగిల్లోస్ కత్తి వాడి మెడలో దిగింది. ఆ తరువాత మరో ఇద్దరు కూలారని ఊరంటుంది. ఒక సైన్యమే కూలిందని మెగిల్లోస్ అంటాడు. ఆ తోపులాటలో ఎవడో పొడిచిన ఈటె డామిస్ పక్కటెముకల్లోంచి దూసుకుపోయింది.

మెగిల్లోస్ తమ్ముణ్ణి భుజాన వేసుకుని పడవెక్కాడు. "ఒక్కసారి 'అన్నా' అనరా. ఇక్కడ వినేది చేపలేగా!" డామిస్ విరిగిన వేళ్లతోనే అన్న నోరు మూసి, ఊపిరి వదిలాడు.

పడవ దిగిన లోక్రి ఊళ్లో కొత్త మాంసం కొట్టు పెట్టాక, అడిగినవాళ్లందరికీ మెగిల్లోస్ తమ్ముడి ఆఖరి మాట చెప్పేవాడు. ఒకరికి "అన్నా" అన్నాడని, ఇంకొకరికి చెవులు మూసుకునే బూతులు తిట్టాడని. ఒకనాడు ప్రాణాలతో మిగిలిన శిష్యుడొకడు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీ తమ్ముడు మాట్లాడాడటగా? మౌనం తప్పినవాడి పేరు మేం తలుచుకోం."

మెగిల్లోస్ మొహం పాలిపోయింది. "లేదయ్యా! ఒట్టు! ఒక్క ముక్క మాట్లాడలేదు. చంపుతుంటే కూడా!"

"చనిపోయేముందు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడని నిన్న రేవులో అన్నావుగా?" అన్నాడు మాంసం కొనడానికొచ్చిన ఒకడు.

మెగిల్లోస్ ఒట్ల మీద ఒట్లు పెడుతూనే ఉన్నాడు. కొట్లో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. శిష్యుడు వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.