కాల్చకూడని కట్ట

పరీక్ష పాసైతే భయం పోతుందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి!

గురజాల తాలూకా కచేరీలో రికార్డు గదికి నేను టెంపరరీ గుమాస్తాని. రికార్డుల పరీక్ష పాసు కాకపోతే ఏ రోజైనా ఇంటికి పొమ్మనొచ్చు. చదివాను, తప్పాను, మళ్ళీ చదివాను. పాసైన కబురు తెలిశాక మా అమ్మ చర్చిలో ఇది దేవుడి మేలని సాక్ష్యం చెప్పి, పాలెమంతా బెల్లం పంచింది.

ఆ పాసుతో నాకు దక్కిందల్లా ఒక సంతకం. గడువు తీరిన కాగితాలను ఏటా కచేరీ పెరట్లో తగలబెట్టేవారు. ఏది కాల్చొచ్చో, ఏది ఎప్పటికీ ఉంచాలో తేల్చి సంతకం పెట్టాల్సింది పరీక్ష పాసైన గుమాస్తా. అప్పటిదాకా ఆ పని హెడ్డు గుమాస్తాది. నన్ను పలకరించిన పాపాన పోయినవాడు లేడు.

మా పాలెం ఇళ్ళ స్థలాలు సర్కారు ఇచ్చినవి. అవి తన చేలోవేనని ఊరి మోతుబరి కోర్టుకెక్కాడు. సర్కారు ఇచ్చిందనడానికి రుజువు మా రికార్డు గదిలోని పాత పట్టాల కట్ట ఒక్కటే. అమ్మను చూడ్డానికి వెళ్ళిన ఆదివారం ఆయన బండి దిగకుండానే నన్ను పిలిచి, ముందు అమ్మ ఆరోగ్యం అడిగాడు.

"ఈసారి మంటలో ఆ కట్ట గూడా ఏసెయ్. సంతకం ఇప్పుడు నీదేగా," అన్నాడు. "ముసల్ది ఒక్కతే ఉంటది. చూసుకో."

ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

కాల్చే రోజు ఆయన మనుషులిద్దరు ప్రహరీ పక్కన బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. ప్రతి కట్ట మీది చీటీని పైకి చదివాకే మంటలో వేయాలి. చదువుతున్నాను, బంట్రోతు వేస్తున్నాడు. కుప్ప సగమయ్యేసరికి మా పాలెం కట్ట చేతికొచ్చింది. దాన్ని ఆ కుప్పలో నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. హెడ్డు గుమాస్తా మంటకేసి చూస్తున్నాడు. చటుక్కున వేసేస్తే అడిగేవాడు లేడు.

"ఇది కాల్చేది కాదు," అన్నాను.

ప్రహరీ పక్కనున్న వాళ్ళలో ఒకడు లేచాడు. "చెప్పటానికి నువ్వెవడివిరా?"

"పరీక్ష పాసైనోణ్ణి."

హెడ్డు గుమాస్తా నా మొహం చూడకుండానే, రూలు ప్రకారం ఇప్పుడు ఆ మాట చెప్పాల్సింది ఇతనే అని గొణిగాడు. వాళ్ళు బీడీలు పారేసి వెళ్ళిపోయారు. కట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను.

పడుతూ లేస్తూ ఊరికి పరుగెత్తాను. అమ్మ గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. జరిగింది చెప్పి, ఇల్లు నిలిచిందమ్మా అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నువ్వా పరీక్ష తప్పినా బాగుండేదిరా నాయనా," అంది.

లేచి, ఇంకా పొద్దుండగానే నన్ను లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది.