ఖాళీ సీటు మీద కర్చీఫు

2022. కరోనా తర్వాత కాలేజీలు మళ్ళీ గాడిలో పడిన సంవత్సరం. నేను తెనాలిలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఇల్లు బాపట్లలో. రోజూ రైల్లో వెళ్ళి రైల్లోనే వచ్చేదాన్ని. లైబ్రేరియన్ అంటే పుస్తకాల మధ్య కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడే మనిషని చాలామంది అనుకుంటారు. మా ఆయన ఇప్పటికీ అలాగే అనుకుంటాడు. ఎన్నేళ్ళు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

మా పనంతా సర్క్యులేషన్ కౌంటర్ దగ్గరే నడుస్తుంది. పుస్తకాలు ఇచ్చేదీ తిరిగి తీసుకునేదీ అక్కడే. గడువు అయిపోయినా పుస్తకం ఇంకా కావాలంటే, తెచ్చి చూపించి మళ్ళీ రాయించుకుని వెళ్ళవచ్చు. దాన్ని రెన్యువల్ అంటాం. పోటీ పరీక్షల పుస్తకాలకి తప్ప మా దగ్గర రెన్యువల్ అడిగేవాళ్ళు తక్కువ. కథల పుస్తకానికి అడిగినవాళ్ళని నేను అంతవరకూ చూడలేదు. సువార్త అడిగింది.

సువార్త బీఎస్సీ రెండో సంవత్సరం. నగరం మండలంలో ఒక పల్లె. అక్కడి నుంచి బస్సులో రేపల్లె, రేపల్లె నుంచి రైల్లో తెనాలి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి దీనమ్మ గారు వాళ్ళ ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. క్రైస్తవుల్లో నగలు, పూలు వద్దనుకునే సహవాసాలు కొన్ని ఉన్నాయి. వీళ్ళది అలాంటి సహవాసం. పిల్ల చెవులకి కమ్మలుండవు, జడలో పువ్వుండదు, చేతికి వాచీ ఒక్కటే. మేమూ క్రైస్తవులమే, లూథరన్లం. మా ఇంట్లో క్రిస్మస్ వచ్చిందంటే పట్టుచీరల రెపరెపలు వీధి చివరిదాకా వినిపిస్తాయి. ఎవరి పద్ధతి వాళ్ళది, దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? ఆ పిల్ల ఎప్పుడు చూసినా ఒక్కతే ఉండేది. నా మనసుకి పట్టింది అదొక్కటే.

ఒకరోజు వచ్చి మెల్లగా ఒక ఇంగ్లీషు నవల పేరు చెప్పి, ఉందా అని అడిగింది. పాతకాలపు హారర్ నవల, ఆ రకం పుస్తకాల్లో బాగా పేరున్నది. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన తన పుస్తకాలన్నీ మాకిచ్చేసి వెళ్ళాడు, వాటిలో ఉంది. కథలో అమ్మాయి పేరే పుస్తకం పేరు. అది ఇక్కడ చెప్పను గానీ కథ కొంచెం చెప్పాలి. స్కూల్లో తోటిపిల్లలందరూ కలిసి ఏడిపించే ఒక అమ్మాయి. ఇంట్లో తల్లేమో లోకమంతా పాపమేనని నమ్మే మనిషి. కూతురు నవ్వినా తప్పే, అద్దం చూసుకున్నా తప్పే. ఇరుకు గదిలోకి తోసి గడియ పెట్టేస్తుంది. ఆ పిల్లకి చెయ్యి తగలకుండానే వస్తువుల్ని కదిలించే శక్తి ఒకటుంటుంది. ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి ఆ శక్తితో ఊరందరి మీదా పగ తీర్చుకుంటుంది.

సువార్త ఆ పుస్తకం తీసుకెళ్ళింది. రెన్యువల్‌కి తెచ్చింది. మళ్ళీ తెచ్చింది. మూడోసారికి నాకు గుండెల్లో రాయి పడింది. ఎవరేం చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు అని అడగకూడదని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పుతారు. నేర్పిన మాట నిజమే కానీ నా నోరు ఊరుకునే రకం కాదు.

"అమ్మాయ్, పరీక్షల పుస్తకమన్నా ఇన్నిసార్లు చదువుతున్నావా?"

"లేదండి," అని నవ్వింది. "మా ట్రైన్ బ్యాచ్ వాళ్ళు నన్ను ఈ పేరుతోనే పిలుస్తారండి. ఈ కథతో వచ్చిన సినిమా ఫోన్లో చూశారంట. ఎవరీ అమ్మాయి, ఎందుకలా పిలుస్తున్నారు అని తీసుకెళ్ళానండి."

"తెలిసిందిగా మరి. ఇంకా దేనికి?"

పుస్తకాన్ని నా వైపు జరిపింది. "ఆ అమ్మాయికున్న శక్తి నాకుంటే బాగుండునండి."

ఆ నవల చివర ఎంతమంది చస్తారో నాకు తెలుసు. "ఏం చేస్తావు? వాళ్ళని చంపుతావా?" అన్నాను, నవ్వుతూ అన్నట్టే.

"అబ్బే, చంపడమేంటండి. ఆ కర్చీఫులన్నీ కిటికీలోంచి ఎగిరిపోవాలండి. అంతే."

రేపల్లె బండి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రోజూ తిరిగే పిల్లలు నెలవారీ సీజన్ టికెట్ తీసుకుని ఒకే పెట్టెలో గుంపుగా ఎక్కుతారు. బండి ప్లాట్‌ఫాం మీదికి రాగానే కిటికీలోంచి కర్చీఫులు విసిరి సీట్లు ఆపుకుంటారు. కర్చీఫు పడిందంటే అది మనిషి కూర్చున్న సీటుతో సమానం. పెద్దవాళ్ళు కూడా దాన్ని కదపరు, అదొక మర్యాద. మా బాపట్ల బండిలో నేనూ విసిరినదాన్నే. అయితే సువార్త బ్యాచ్ వాళ్ళు మనుషులకి పోగా మిగిలిన సీట్ల మీద కూడా కర్చీఫులు వేసేవాళ్ళు. ఈ పిల్ల దగ్గరికి వస్తే, "ఇక్కడ మనుషులున్నారు" అనేవాళ్ళు. ఆ మనుషులు ఏ స్టేషన్‌లోనూ ఎక్కరు. పక్క పెట్టెలోకి వెళితే గుంపంతా వెంటబడి వచ్చి అక్కడా అదే పని. పోను గంట, రాను గంట తలుపు దగ్గర నిలబడే ప్రయాణం. ఇలా ఏడాది నుంచీ జరుగుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ప్రిన్సిపల్ గారికి చెబుదాం పద," అన్నాను.

"వద్దండి. ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తారు. అమ్మకి తెలిస్తే చదువు మానిపించేస్తదండి. లోకం మంచిది కాదని నీకు ముందే చెప్పానా లేదా అంటది. మీరు ఎవరికీ చెప్పనని చెప్పండి మేడం."

చెప్పనని మాటిచ్చాను. కౌంటర్ దగ్గర విన్నది కౌంటర్ దగ్గరే ఉండాలని మాకొక నియమం కూడా ఉంది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

తర్వాత కొద్ది రోజులకి మధ్యాహ్నం పూట తెల్లచీర కట్టుకున్న ఒకావిడ నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చి ఆ నవలని నా ముందు పెట్టింది. అట్ట మీద నెత్తురోడుతున్న ఆడపిల్ల బొమ్మ. ఎవరని అడగక్కర్లేకపోయింది. అవే కళ్ళు.

"మా అమ్మాయి దిండు కింద దొరికిందండి. దేవుని వాక్యం పెట్టుకునే చోట దయ్యాల పుస్తకం. ఇలాంటివి ఇవ్వడానికేనా అండి మీకు జీతాలిచ్చేది?"

"కూర్చోండమ్మా. ముందు మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళకి రాలేదండి. టీసీ తీసుకెళ్ళడానికి వచ్చాను. ప్రైవేటుగా కట్టుకుని ఇంట్లో చదువుకుంటది. మీకు ఒక మాట చెప్పి ప్రిన్సిపల్ గారి దగ్గరికెళ్దామని ఆగాను."

సువార్త పైఅంతస్తులో ల్యాబ్‌లో ఉంది. సాయంత్రం దాకా రాదు. నేనేమో మాటిచ్చి ఉన్నాను. చెబితే ఆ పిల్ల నన్నిక నమ్మదు, చెప్పకపోతే చదువు అక్కడితో సరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏంటో ఆరోజు తెలిసింది. పోనీ ఈవిడని కసురుదామా అంటే, ఉన్న ఒక్క కూతురి కోసం సెలవు పెట్టి మధ్యాహ్నపు ఎండలో వచ్చిన మనిషి.

"ఈ పుస్తకం మీరు చదివారా?" అని అడిగాను.

"చదవక్కర్లేదండి. బొమ్మ చూస్తే తెలీట్లేదా?"

"మీరు టీచరు గారు కదండీ. పేపరు చదవకుండా మార్కులు వేస్తారా?"

ఆవిడకి ఆ మాట తగిలింది. పెదవులు బిగించి పుస్తకం తీసుకుంది. రిఫరెన్స్ విభాగంలో, అంటే పుస్తకాలు అక్కడే చదివి పెట్టేసి వెళ్ళే చోట, ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. ఐదో తరగతి వరకూ ఇంగ్లీషు చెప్పే మనిషి, వేలితో వాక్యం వెంబడి మెల్లగా చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. చీర కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ కూర్చుంది. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు.

సాయంత్రం బెల్లు కొట్టకముందే నా దగ్గరికి వచ్చింది. కోపం దిగిపోయింది, గొంతు కూడా దిగిపోయింది.

"ఈ తల్లి లాగా ఉంటానా అండి నేను? ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు నేను. గదిలో పెట్టి గడియ వెయ్యలేదు. ఎవరితో మాట్లాడొద్దు, నీ పనేదో నువ్వు చూసుకో అన్నాను. అదీ తప్పేనా?"

"మీరు ఆవిడ లాగా ఉంటే నేనీపాటికి మీతో పోట్లాడి ఉండేదాన్నండి."

"మరి నా కూతురు ఈ పుస్తకం దిండు కింద ఎందుకు పెట్టుకుంది? మీకు తెలుసు. మీ మొహంలో కనపడతంది."

"తెలుసండి. చెప్పనని మాటిచ్చాను. చెప్పలేను." ఆవిడ మొహం చూసి ఇక ఉండబట్టలేకపోయాను. "ఈ పూట టీసీ మాట ఎత్తకండి. సాయంత్రం బండికి వెళ్ళండి. మీరొచ్చినట్టు అమ్మాయికి చెప్పకుండా, తను ఎక్కే పెట్టెలోనే రెండో తలుపు నుంచి ఎక్కండి. వేమూరు దాటేదాకా దూరంగా ఉండి చూడండి. ఆ తర్వాత కూడా టీసీ కావాలంటే నేనే దగ్గరుండి ఇప్పిస్తాను."

మాట నిలబెట్టుకున్నానా, తప్పానా? ఇప్పటికీ నాకు తెలీదు. మా ఆయన్ని అడిగితే రెండూ చేశావు అన్నాడు. ఆరోజు మా బండి ఎలా ఎక్కానో, బాపట్లలో ఎలా దిగానో గుర్తులేదు.

శనివారం దీనమ్మ గారు మళ్ళీ వచ్చారు. ప్రిన్సిపల్ గది వైపు చూడకుండా నా దగ్గరికే వచ్చి కూర్చున్నారు. అడగకుండానే చెప్పారు.

"నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నయ్యండి, వాటి మీద కర్చీఫులు. మా పిల్ల ఆ సీట్ల వైపు కూడా చూడలేదు. ఎక్కంగానే తలుపు పక్కకెళ్ళి, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, కమ్మీ పట్టుకుని నిలబడింది. అలవాటైపోయిన మనిషి లాగా. వేమూరు దాటేదాకా చూడమన్నారు మీరు, నేను బండి కదిలేదాకా కూడా ఉండలేకపోయాను."

ఆవిడ వెళ్ళి ఆ కర్చీఫులు ఒక్కొక్కటే తీసి, బడిలో పిల్లలవి మడిచినట్టు నీటుగా మడిచి, ఎవరివి వాళ్ళ చేతికిచ్చారట. హారిక అని, ఆ బ్యాచ్‌కి పెద్ద, "అక్కడ మనుషులున్నారండి" అందట.

"ఏరమ్మా?"

"ముందు స్టేషన్లో ఎక్కుతారండి."

"ఎక్కనీ. ఎక్కినప్పుడు లేస్తాం," అని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నారట. వేమూరు వచ్చింది, భట్టిప్రోలు వచ్చింది, రేపల్లె కూడా వచ్చింది. ఎవరూ ఎక్కలేదు.

"మా ప్రార్థనలో అందరికీ చెప్పుకున్నానండి," అన్నారు దీనమ్మ గారు. "మా అమ్మాయి రైల్లో ఎవరి పక్కనా కూర్చోదు, ఎవరితోనూ కలవదు, అంత పద్ధతైన పిల్ల అని. ఏడాది పాటు చెప్పుకున్నాను." అంటూనే ఏడ్చేశారు. కౌంటర్ దగ్గర పుస్తకాల కోసం నిలబడ్డ పిల్లల్ని కాసేపు ఆగి రమ్మని పంపేశాను. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

"రోజూ నేనుండలేనుగా అండి. మళ్ళీ నిలబడుద్ది."

"నిలబడితే ఇంటికొచ్చి మీకు చెబుతుంది. ఇన్నాళ్ళూ అది లేదు కదండీ."

ఆవిడ తలూపి, ఆరోజు తన వెంటే తీసుకెళ్ళిన నవలని సంచిలోంచి తీశారు. తిరిగిచ్చేస్తున్నారనుకుని చెయ్యి చాపాను. "ఇంకా సగమే అయిందండి. రెన్యువల్ చెయ్యండి. చివర ఏమైద్దో మాత్రం నాకు చెప్పకండి." టీసీ మాట ఇక ఎత్తలేదు.

ఆ తర్వాత అన్నీ చక్కబడిపోయాయని చెబితే అబద్ధం. హారిక ఆ పేరు పెట్టి పిలవడం మానలేదు, కాకపోతే కొంచెం మెల్లగా పిలిచేదట. వేసవి ముందు రేపల్లెలో మా పిన్నిగారి మనవరాలి బాప్తిస్మానికి వెళుతూ సాయంత్రం ఆ బండే ఎక్కాను. పెట్టె కిటకిటలాడుతోంది. "మేడం, ఇటు రండి," అని సువార్త పిలిచింది. కిటికీ పక్కన కూర్చుని ఉంది. పక్క సీటు మీద తెల్ల కర్చీఫు, అంచుకి నీలం దారంతో కుట్టు. అది తీసి నన్ను కూర్చోబెట్టింది.

"నేనొస్తున్నట్టు నీకెవరు చెప్పారే?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదండి. రోజూ వేస్తాను. ఎవరో ఒకరు నిలబడి ఉంటారుగా." కర్చీఫుని మడిచి సంచిలో పెట్టుకుంది. "అమ్మ రోజూ రెండు ఇస్తదండి. ఒకటి మొహానికి, ఒకటి పక్క సీటుకి."

రేపల్లె దాకా ఆ సీట్లోనే కూర్చుని వెళ్ళాను.

ఎవరేం చదువుతున్నారని అడగకూడదన్న మా నియమం మంచిదే. ఇప్పటికీ అడగను. కానీ ఒకే పుస్తకాన్ని పట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చే పిల్ల కనిపిస్తే, స్టాంపు వేస్తూ ఒక్క మాట మాత్రం అడుగుతాను. ఏ ఊరి నుంచి వస్తున్నావమ్మా, బండిలో కూర్చోడానికి సీటు దొరుకుతోందా?