చెయ్యి లాగే బరువు

డమ్మీ తుపాకులు చేసేవాడికి కళ్లకన్నా చెయ్యి ముఖ్యం. ఫిల్మ్‌నగర్‌లోని మా షెడ్డులో నేను చేసేవన్నీ ఫైబర్‌వి. మన హీరోలు వాటిని గొడుగుల్లా ఒంటిచేత్తో ఊపేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకని లోపల ఇనుప కడ్డీలు పెట్టి, అసలు తుపాకీ ఎంత బరువుండేదో అంత బరువూ తెప్పిస్తాను.

మా పాప పుట్టిన నెలలో ఒక యుద్ధం సినిమా పని నడుస్తోంది. కథలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ సైనికులే. వీళ్లవీ, ఎదుటివాళ్లవీ కలిపి కిందటి శతాబ్దపు సబ్‌మెషీన్ గన్లు వరసగా కావాలన్నారు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్లు తెచ్చినది భుజానికి ఆనించే చెక్క మడమతో కలిపి నాలుగు కిలోలు దాటేది. అమెరికావాళ్ల టామీ గన్ ఇంకా బరువు, ఐదు కిలోలకు దగ్గర. రెండో యుద్ధంలో ఇంగ్లండుకు తీరికా లేదు, డబ్బూ లేదు. గొట్టం కోసి, రేకు వంచి, వెల్డింగ్ పెట్టి స్టెన్ గన్ చేసేశారు. చూడ్డానికి సైకిల్ పంపులా ఉంటుంది, మూడు కిలోలు. తర్వాత మన సైన్యం వాడిన కార్బైన్ అంతకన్నా తేలిక. బరువు తగ్గిన ప్రతిసారీ చేసినవాళ్లు మురిసిపోయే ఉంటారు.

పాప ఏడో నెల దాటగానే పుట్టేసింది. కిలోన్నర కూడా లేదు. బరువు పెరిగితేనే గండం గడిచినట్టని డాక్టరు చెప్పాడు. నా భార్యకు ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. నర్సు నన్ను పిలిచింది.

"జర చొక్కా ఇప్పి కూసో అన్నా. బిడ్డను ఛాతి మీద పెడ్త. నీ వెచ్చదనానికే బరువు పెరుగుతది."

పెట్టింది. ఏది ఎత్తినా బరువు చెప్పేసే నా చేతులకు ఏమీ తెలియలేదు. అసలు పెట్టిందా అని కిందికి చూసుకున్నాను. ఉంది, ఊపిరి తీసుకుంటోంది. భయంతో ఏడుపొచ్చింది. ఏడిస్తే ఛాతీ కదులుతుందని ఆపుకున్నాను.

"ఎంతసేపమ్మా?" అన్నాను.

"నీకు ఓపిక ఉన్నంతసేపు."

ఆ రోజుల్లోనే హీరోగారి మేనేజర్ ఫోన్ చేశాడు. "సార్‌కి మణికట్టు నొప్పండీ. కార్బైన్ బరువు కొంచెం తగ్గించరా?"

ఇంకోసారైతే పోట్లాడేవాణ్ణి. ఈసారి లోపలి కడ్డీలు లాగేశాను. నూరేళ్లుగా తుపాకులు చేసేవాళ్లకి బరువు తగ్గించడమే పని. నాకేమో ఒక్క ప్రాణం బరువెక్కితే చాలు. ఆ పూట పాప పాలు తాగిందని కబురొస్తే అదే పండగ.

ఇప్పుడు దానికి ఐదో నెల. నా చేతి లెక్కలో టామీ గన్ అంత. ఆ మాట ఇంట్లో అంటే అన్నం పెట్టరు. సాయంత్రమైతే ఊరికే ఏడుస్తుంది, రహమత్ నగర్‌లో మా సందంతా ఎత్తుకుని తిప్పాలి. నిన్న తిప్పి తిప్పి గుమ్మం దగ్గరికొచ్చి, "చెయ్యి లాగేస్తోందే, కాసేపు తీసుకో" అన్నాను.

నా భార్య చేతులు చాచలేదు. నన్నే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"లాగనివ్వండి" అంది.

పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుని మళ్లీ సందు చివరిదాకా నడిచాను.